వాల్డెరామా: 18 ఏళ్ల తేడాలో ఇద్దరు భారతీయులు, ఒకటే ఆఖరి హోల్

2024 జులై 14. స్పెయిన్ దక్షిణ తీరంలోని వాల్డెరామా గోల్ఫ్ కోర్సులో లివ్ టోర్నీ చివరి రోజు ఆట ముగింపుకొచ్చింది. భారత గోల్ఫర్ అనిర్బన్ లాహిరి ఆఖరి హోల్ చేరేసరికి ఆధిక్యంలో ఉన్నాడు. ఆ హోల్‌ను నాలుగు షాట్లలో పూర్తి చేస్తే ట్రోఫీ అతనిదే. అయిదు పట్టాయి. దాంతో స్పెయిన్ ఆటగాడు సెర్జియో గార్సియాతో స్కోరు సమమైంది. ప్లేఆఫ్ రెండో హోల్‌లో గార్సియా గెలిచాడు.

ఈ ఫలితం చూసి భారత గోల్ఫ్ అభిమానుల్లో చాలామందికి 2006 అక్టోబరు గుర్తుకొచ్చి ఉంటుంది. ఇదే కోర్సులో జరిగిన వోల్వో మాస్టర్స్‌ను జీవ్ మిల్ఖా సింగ్ ఒక్క షాట్ తేడాతో గెలుచుకున్నాడు. ఆ రోజు ఆఖరి హోల్‌లో తడబడి రెండో స్థానంతో సరిపెట్టుకున్నవారిలో ఇదే గార్సియా ఉన్నాడు.

18 ఏళ్ల తేడాతో ఇద్దరు భారతీయులు ఒకే చోట, ఒకే హోల్ దగ్గర భిన్నమైన ఫలితాలు చూశారు. ఇందులో యాదృచ్ఛికం కొంత ఉంది. కానీ వాల్డెరామాలో ఫలితం ఆఖరి రెండు హోళ్ల వరకూ తేలకపోవడం యాదృచ్ఛికం కాదు. ఆ కోర్సును రూపొందించిన తీరే అలాంటిది.

ఈ కోర్సు ఎక్కడుంది, ఎలా పుట్టింది?

స్పెయిన్‌లోని అండలూసియా ప్రాంతం, కాడిజ్ ప్రావిన్సు, శాన్ రోకె మున్సిపాలిటీ. మధ్యధరా సముద్రం అట్లాంటిక్‌తో కలిసే జిబ్రాల్టర్ జలసంధి ఇక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. సముద్ర తీరాన్ని ఆనుకుని సోటోగ్రాండే అనే సంపన్నుల కాలనీ ఉంది. దానికి పైన, కాస్త లోపలికి, చెట్లతో నిండిన మిట్ట నేల మీద వాల్డెరామా ఉంటుంది.

సోటోగ్రాండే కథ 1960ల తొలినాళ్లలో మొదలైంది. ఫిలిప్పీన్స్‌కు చెందిన ప్రముఖ వ్యాపార కుటుంబం అయాలాలకు అల్లుడైన జోసెఫ్ మెక్‌మికింగ్ ఇక్కడ భూములు కొని విలాసవంతమైన నివాస ప్రాంతంగా అభివృద్ధి చేశాడు. అప్పట్లో అమెరికాలో అగ్రశ్రేణి గోల్ఫ్ కోర్సు డిజైనర్‌గా పేరున్న రాబర్ట్ ట్రెంట్ జోన్స్‌ను పిలిపించాడు. 1964లో మొదటి కోర్సు తెరుచుకుంది. 1974లో జోన్స్ రెండో కోర్సు కూడా కట్టాడు. దాన్ని తొలుత 'సోటోగ్రాండే న్యూ' అని, తర్వాత 'లాస్ ఆవెస్' అని పిలిచారు. ఆవెస్ అంటే స్పానిష్‌లో పక్షులు.

ఈ రెండో కోర్సే నేటి వాల్డెరామా. 1980ల మధ్యలో హైమె ఓర్టిజ్-పటీనో మరికొందరితో కలిసి దాన్ని కొన్నాడు. బొలీవియా తగరపు గనులతో ప్రపంచ కుబేరుల్లో ఒకడైన సైమన్ పటీనోకు ఇతను మనవడు. ప్రపంచ బ్రిడ్జ్ సమాఖ్యకు అధ్యక్షుడిగానూ పనిచేశాడు. పేకాటలో ఉన్న పట్టుదలనే గడ్డి పెంచడంలోనూ చూపాడు. జోన్స్‌నే మళ్లీ రప్పించి కోర్సును మార్పించాడు. ఆకు కింద పడితే సహించని యజమానిగా పేరు తెచ్చుకున్నాడు. 2013లో చనిపోయేదాకా వాల్డెరామాను అతని పేరుతో కలిపే చెప్పుకునేవారు.

1988 నుంచి యూరోపియన్ టూర్ సీజన్ ముగింపు టోర్నీ అయిన వోల్వో మాస్టర్స్‌కు వాల్డెరామా వేదికైంది. 1988 నుంచి 1996 వరకు, మళ్లీ 2002 నుంచి 2008 వరకు, మొత్తం 16 సార్లు ఆ టోర్నీ ఇక్కడే జరిగింది.

రైడర్ కప్ తెచ్చిన గుర్తింపు

గోల్ఫ్ ప్రధానంగా వ్యక్తిగత క్రీడ. దానిలో జట్టుగా ఆడే పోటీల్లో అతి పెద్దది రైడర్ కప్. రెండేళ్లకోసారి అమెరికా, యూరప్ జట్లు తలపడతాయి. 1927లో మొదలైన ఈ పోటీలో ఒకప్పుడు అమెరికాకు ప్రత్యర్థి బ్రిటన్. 1979 నుంచి యూరప్ ఖండంలోని ఆటగాళ్లకూ చోటిచ్చారు. కానీ ఆతిథ్యం మాత్రం ఆ తర్వాత కూడా బ్రిటన్ దాటి రాలేదు.

1997 సెప్టెంబరులో ఆ గీత చెరిగింది. తొలిసారి యూరప్ ప్రధాన భూభాగంలో, వాల్డెరామాలో, రైడర్ కప్ జరిగింది. యూరప్ కెప్టెన్ స్పెయిన్ దిగ్గజం సెవె బాలెస్టెరోస్. బ్యాటరీ బండి వేసుకుని కోర్సు నలుమూలలా తిరుగుతూ, ఎక్కడ ఎవరికి సలహా కావాలో అక్కడ ప్రత్యక్షమవుతూ, ఆ మూడు రోజులూ అతనే కేంద్రబిందువయ్యాడు. వానలు ఆటకు అంతరాయం కలిగించాయి. అమెరికా జట్టులో ఆ ఏడాదే మాస్టర్స్ గెలిచిన 21 ఏళ్ల టైగర్ వుడ్స్ ఉన్నాడు. అయినా యూరప్ 14½ - 13½ తేడాతో గెలిచింది.

ఆ విజయంతో వాల్డెరామా పేరు గోల్ఫ్ ఆడని ఇళ్లలోకీ వెళ్లింది. స్పెయిన్ దక్షిణ తీరం గోల్ఫ్ పర్యాటకానికి చిరునామాగా స్థిరపడటంలో ఆ వారాంతం పాత్ర చిన్నది కాదు.

బలం పనిచేయని చోటు

గోల్ఫ్ తెలియనివారి కోసం రెండు మాటలు. కోర్సులో 18 హోళ్లు ఉంటాయి. మంచి ఆటగాడు ఒక్కో హోల్‌ను ఎన్ని షాట్లలో పూర్తి చేయాలో ముందే నిర్ణయిస్తారు. దాన్ని 'పార్' అంటారు. పార్ కంటే ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. మొదటి షాట్ కొట్టే చోటు టీ. మధ్యలో కత్తిరించిన గడ్డి బాట ఫెయిర్‌వే. రంధ్రం ఉండే నున్నటి గడ్డి గ్రీన్. వాల్డెరామా పార్ 71.

నేటి ప్రొఫెషనల్ గోల్ఫ్‌ను నడిపేది దూరం. క్లబ్బులు, బంతులు, వ్యాయామం అన్నీ మారిపోవడంతో 300 గజాలు దాటించి కొట్టడం మామూలైంది. అందుకే చాలా కోర్సులు టీలను వెనక్కి జరిపి 7,500 గజాల దాకా సాగాయి. వాల్డెరామా పొడవు మాత్రం 7,000 గజాల దగ్గరే ఉంది. కాగితం మీద చూస్తే నేటి ఆటగాళ్లకు ఇది తేలిక కావాలి.

రికార్డులు వేరే మాట చెబుతాయి. 2016లో ఇక్కడ జరిగిన స్పానిష్ ఓపెన్ విజేత ఆండ్రూ జాన్‌స్టన్ నాలుగు రోజులు ఆడి పార్ కంటే ఒకటి ఎక్కువ స్కోరుతో ట్రోఫీ అందుకున్నాడు. 2020 అండలూసియా మాస్టర్స్‌లో గెలిచిన జాన్ కాట్లిన్ స్కోరు పార్ కంటే రెండు ఎక్కువ. విజేతలు పార్‌కు 20 తక్కువగా ముగించడం సాధారణమైన రోజుల్లో ఇది అరుదు. అలాగని ఇది లొంగని కోర్సేమీ కాదు. 2022లో స్పెయిన్ ఆటగాడు అడ్రియన్ ఓటాయిగి పార్‌కు 19 తక్కువతో గెలిచాడు. కానీ అది మినహాయింపు.

ఇంత కష్టం ఎక్కడి నుంచి వస్తోంది? మొదటి కారణం చెట్లు. ఈ కోర్సు నిండా కార్క్ ఓక్ చెట్లే. సీసాల బిరడాలు చేసే కార్క్ ఈ చెట్ల బెరడే. చెట్టును కొట్టకుండా బెరడు మాత్రం ఒలుస్తారు. మళ్లీ ఒలవాలంటే కనీసం తొమ్మిదేళ్లు ఆగాలి. ఈ ప్రాంతానికి దగ్గర్లోనే 'లాస్ అల్కోర్నొకాలెస్' రక్షిత అడవి ఉంది. దాని పేరుకు అర్థమే కార్క్ ఓక్ వనాలు. అలాంటి చెట్లే వాల్డెరామా ఫెయిర్‌వేలకు రెండు పక్కలా వంకర కొమ్మలతో కమ్ముకుని ఉంటాయి. రెండో హోల్ పేరు 'ఎల్ ఆర్బోల్', అంటే చెట్టు. అక్కడ ఫెయిర్‌వేలోనే ఒక చెట్టు నిలబడి ఉంటుంది.

మామూలు కోర్సులో ఫెయిర్‌వేలో బంతి పడితే సగం పని అయినట్టే. ఇక్కడ ఫెయిర్‌వేలోనూ సరైన పక్కన పడాలి. లేదంటే గ్రీన్‌కూ బంతికీ మధ్య కొమ్మ అడ్డొస్తుంది. అప్పుడు బంతిని కిందుగా కొట్టి కొమ్మల కింద నుంచి పంపాలి, లేదా వంపు తిప్పాలి, లేదా అహం చంపుకుని పక్కకు కొట్టుకుని ఒక షాట్ వదులుకోవాలి. అందుకే ఇక్కడ చాలామంది అతి పొడవు క్లబ్ డ్రైవర్‌ను సంచిలోంచి తీయరు. చిన్న క్లబ్‌తో తక్కువ దూరం కొట్టి సరైన చోటు చూసుకుంటారు.

రెండో కారణం గ్రీన్లు. అవి చిన్నవి. ఎక్కువ దూరం నుంచి వచ్చే బంతికి ఆగే చోటు దొరకదు. 13వ హోల్‌లో ఒక్క ఇసుక గుంట కూడా లేదు. దాని పేరే 'సిన్ బంకర్', అంటే బంకర్ లేనిది. చెట్ల గోడలు, చిన్న గ్రీన్ చాలనుకున్నారు. ఆ హోల్ తేలికేమీ కాదు.

మూడోది గాలి. జలసంధి దగ్గర రెండు గాలులకు పేర్లున్నాయి. తూర్పు నుంచి వచ్చేది లెవాంతె, పడమర నుంచి వచ్చేది పొనియెంతె. ఒకటి వీచిన రోజు ఎదురుగాలిగా ఉన్న హోల్, రెండోది వీచిన రోజు వాలుగాలిలో ఉంటుంది. నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. పైగా చెట్ల మధ్య నిలబడితే గాలి తగలదు. బంతి కొమ్మలు దాటి పైకి లేచాకే గాలి దాన్ని పట్టుకుంటుంది.

పదిహేడో హోల్ గొడవ

వాల్డెరామాలో ఎక్కువగా మాట్లాడుకునేది 17వ హోల్ గురించే. పార్ 5. రైడర్ కప్‌కు ముందు బాలెస్టెరోస్ దీన్ని మార్చాడు. గ్రీన్ ముందు చెరువు తవ్వించాడు. దూరం కొట్టేవారి బంతి పడే చోట ఫెయిర్‌వేకు అడ్డంగా పొడవు గడ్డి పట్టీ పెట్టించాడు. గ్రీన్ ముందు వాలును నున్నగా కత్తిరించడంతో, కాస్త పొట్టిగా పడిన బంతి వెనక్కి దొర్లి నీళ్లలో పడేది.

ఇది న్యాయంగా లేదని చాలామంది ఆటగాళ్లు విమర్శించారు. బాగా కొట్టిన బంతికీ, చెడగొట్టిన బంతికీ ఒకే శిక్ష పడుతోందన్నది వారి వాదన. చూసేవారికి మాత్రం అంతకు మించిన నాటకం లేదు. 1997లో వుడ్స్ గ్రీన్ మీద నుంచి పట్ చేసిన బంతి వాలులో దొర్లుకుంటూ చెరువులోకి వెళ్లింది. 1999లో ఇక్కడే జరిగిన ప్రపంచ గోల్ఫ్ చాంపియన్‌షిప్ టోర్నీ ఆఖరి రోజున వుడ్స్ మూడో షాట్ గ్రీన్ మీద పడి, వెనక్కి తిరిగి నీళ్లలో పడింది. ఆ హోల్‌కు ఎనిమిది షాట్లు పట్టాయి. తర్వాత ప్లేఆఫ్‌లో మిగెల్ ఏంజెల్ హిమెనెజ్‌ను ఓడించి అతను టైటిల్ దక్కించుకున్నాడు.

17 దాటితే 18 సుఖమని కాదు. ఎడమ వైపు వంగే పార్ 4 అది. మలుపు దగ్గర చెట్లుంటాయి. టీ షాట్ తిన్నగా పోతే ఫెయిర్‌వే దాటుతుంది, మరీ ఎడమకు పోతే చెట్లలో చిక్కుతుంది. ఒక్క షాట్ ఆధిక్యంతో ఇక్కడికి వచ్చినవాడికి ఆ చెట్లు ఇంకా దగ్గరగా కనిపిస్తాయి.

జీవ్ గెలుపు ఎందుకు పెద్దది?

మిల్ఖా సింగ్ 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల పరుగులో సెకనులో పదో వంతు తేడాతో కాంస్యం కోల్పోయిన సంగతి దేశమంతటికీ తెలుసు. ఆయన కొడుకు జీవ్ 1993లో ప్రొఫెషనల్ గోల్ఫర్ అయ్యాడు. అమెరికాలో కాలేజీ గోల్ఫ్ ఆడి వచ్చి, 1998లో యూరోపియన్ టూర్‌లో చేరిన తొలి భారతీయుడయ్యాడు. ఆ తర్వాత గాయాలు, ఫామ్ లేమి వెంటాడాయి. 1999 తర్వాత ఏళ్ల తరబడి ఒక్క టైటిల్ లేదు. 2006 ఏప్రిల్‌లో వోల్వో చైనా ఓపెన్ గెలిచాకే ఆ కరవు తీరింది.

అదే ఏడాది అక్టోబరు చివర్లో వాల్డెరామా. సీజన్‌లో రాణించినవారికే అక్కడ ప్రవేశం. ఆఖరి రోజున అందరి కళ్లూ మరో పోటీ మీద ఉన్నాయి. ఏడాది మొత్తం సంపాదనలో యూరప్‌లో నంబర్ వన్ ఎవరన్నది అప్పుడే తేలాల్సి ఉంది. పాల్ కేసీ ముందున్నాడు, పాడ్రిగ్ హారింగ్టన్ వెంటాడుతున్నాడు. ఆ హడావుడి మధ్య జీవ్ పార్‌కు రెండు తక్కువగా, 282 స్కోరుతో ముగించాడు. హారింగ్టన్, లూక్ డొనాల్డ్, గార్సియా ముగ్గురూ ఒక్క షాట్ వెనక ఆగిపోయారు. గార్సియా ఆఖరి హోల్‌లో బోగీ చేయడంతో హారింగ్టన్‌కు రెండో స్థానంలో వాటా పెద్దదైంది. కేసీని దాటి నంబర్ వన్ కావడానికి అది సరిపోయింది.

నాలుగు రోజుల్లో 284కు 282. అంటే జీవ్ ఎవరినీ అదరగొట్టే స్కోరు చేయలేదు. మిగతావారు తప్పులు చేసిన చోట తను తక్కువ తప్పులు చేశాడు. ఈ కోర్సు గెలిపించేది అలాంటి ఆటనే.

ఆ గెలుపు తర్వాత తలుపులు వరుసగా తెరుచుకున్నాయి. జపాన్‌లో మరో రెండు టైటిళ్లు, ఆసియా టూర్ సంపాదనలో అగ్రస్థానం, ప్రపంచ ర్యాంకింగ్స్‌లో టాప్ 50లో చోటు, అన్నీ ఆ ఏడాదిలోనే. 2007లో అమెరికాలో మాస్టర్స్ ఆడిన తొలి భారతీయుడయ్యాడు. కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. భారత ఆటగాడు ఆసియా బయట పెద్ద టోర్నీ గెలవగలడా అన్న ప్రశ్న ఆ తర్వాతి తరానికి ఎదురవలేదు. ఆ తరంలో ముందు వరుసలోనివాడు లాహిరి.

లాహిరి పోగొట్టుకున్నది ఏమిటి?

లాహిరి 2015లో మలేసియన్ ఓపెన్, ఇండియన్ ఓపెన్ గెలిచాడు. 2022లో ప్లేయర్స్ చాంపియన్‌షిప్‌లో కామెరన్ స్మిత్ కంటే ఒక్క షాట్ వెనక రెండో స్థానంలో నిలిచాడు. అదే ఏడాది సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి డబ్బుతో నడిచే లివ్ గోల్ఫ్‌లో చేరాడు.

లివ్‌లో డబ్బు ఎక్కువ. కానీ 2024 నాటికి ఆ టోర్నీలకు ప్రపంచ ర్యాంకింగ్ పాయింట్లు లేవు. ఒలింపిక్స్ బెర్తులు ఆ ర్యాంకింగ్స్ ఆధారంగానే ఇస్తారు. రియో, టోక్యో ఒలింపిక్స్ ఆడిన లాహిరి పారిస్‌కు వెళ్లలేదు. భారత పురుషుల తరఫున శుభంకర్ శర్మ, గగన్‌జీత్ భుల్లర్ వెళ్లారు. వాల్డెరామాలో లాహిరి తడబడిన వారం, పారిస్ క్రీడలకు రెండు వారాల ముందు. అక్కడ గెలిచినా ర్యాంకింగ్‌లో ఒక్క మెట్టు ఎక్కేవాడు కాదు. కానీ లివ్‌లో అతనికి అప్పటిదాకా దక్కని వ్యక్తిగత టైటిల్ దక్కేది. అటు గార్సియాకూ లివ్‌లో అదే తొలి వ్యక్తిగత టైటిల్. పైగా 2011, 2017, 2018లో ఇక్కడే గెలిచిన అతనికి ఈ చెట్ల మధ్య దారులన్నీ కంఠతా వచ్చు.

ఎవరు ఆడగలరు? ఎవరి నీళ్లతో?

వాల్డెరామా ప్రైవేటు క్లబ్. సభ్యులు కానివారికి రోజులో కొద్ది సమయమే కేటాయిస్తారు. ఒక్కసారి ఆడటానికి 400 యూరోలకు పైనే చెల్లించాలి. ఉదయం సభ్యులది. ఉదయపు చల్లగాలిలో మంచు ఆరని ఫెయిర్‌వేలను చూసే అవకాశం అతిథులకు ఉండదు.

దీని వెనక ఇంకో ప్రశ్న కూడా ఉంది. దక్షిణ స్పెయిన్‌లో వేసవి అంతా వాన పడదు. 2024 తొలినాళ్లలో అండలూసియా తీవ్ర కరవులో ఉంది. జలాశయాలు అడుగంటాయి. తీరప్రాంత పట్టణాల్లో నీటి వాడకంపై ఆంక్షలు పెట్టారు. కొళాయి నీటికి లెక్కలు రాసుకుంటున్న చోట పచ్చటి ఫెయిర్‌వేలు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పర్యాటకం వల్లే ఉద్యోగాలు వస్తున్నాయని కోర్సుల యజమానులు అంటారు. తోటలు ఎండుతుంటే గడ్డికి నీళ్లేమిటని రైతులు, పర్యావరణవేత్తలు అడుగుతారు.

ఈ వివాదానికి అక్కడ రెండు దారుల్లో జవాబు వెతుకుతున్నారు. ఒకటి, మురుగునీటిని శుద్ధి చేసి వాడటం. గోల్ఫ్ కోర్సులకు వాడే శుద్ధి చేసిన నీటికి ఉండాల్సిన ప్రమాణాలను స్పెయిన్ 2007లోనే చట్టబద్ధం చేసింది. రెండు, గడ్డి ఎంపిక. దక్షిణ స్పెయిన్ కోర్సుల్లో బాగా కనిపించేది బెర్ముడా గడ్డి. అది మరేదో కాదు, మన పొలం గట్ల మీద పెరిగే గరిక జాతే. దాని హైబ్రిడ్లను ఫెయిర్‌వేల మీద పెంచుతారు. ఎండకు తట్టుకుని తక్కువ నీటితో బతకడం దాని గుణం. చలికాలంలో రంగు వెలిసిపోవడం దాని లోపం. టీవీలో ఏడాది పొడవునా పచ్చగా కనిపించాలన్న కోరికే నీటి ఖర్చును పెంచుతుంది.

హైదరాబాద్, బెంగళూరు శివార్లలో ఇళ్ల ప్రాజెక్టులకు గోల్ఫ్ కోర్సును ఆకర్షణగా చూపే రోజుల్లో ఈ చర్చ మనకూ పరాయిది కాదు. సోటోగ్రాండే కూడా అలా ఇళ్ల స్థలాల వ్యాపారంగా మొదలైనదే. అక్కడ ముందు కోర్సు కట్టి, నీటి లెక్కలు తర్వాత చూసుకున్నారు. ఇక్కడ ఆ వరుస మార్చుకునే అవకాశం ఇంకా ఉంది.